స్మారకోపన్యాసం నుంచి మా ఆవిడ పేరు తీయించవలసిందిగా మనవి

గౌరవనీయులైన సంఘాల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సివిల్ ఇంజినీర్ల సంఘం ప్రాంతీయ శాఖ వారు ఏటా జరుపదలచిన స్మారకోపన్యాసము నుండి నా భార్య పేరు తొలగించుట, లేదా ఆమె మరణముపై వారు తమరి కార్యాలయమునకు సమర్పించిన నివేదికలోని ఒక వాక్యమును తొలగించుట, ఈ రెంటిలో ఏదో ఒకటి చేయించుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను మార్కెట్ వీధిలో కళ్ళజోళ్ళ దుకాణము నడుపుకొనువాడను. ఇంజినీరును కాను. నా భార్య ఇంజినీరు. మట్టి పరీక్షలు ఆమె పని. ఏ నేల ఎంత బరువు మోస్తుంది, ఏ గట్టు ఎప్పుడు జారుతుంది అన్నది చూసి చెప్పేది. సదరు ప్రాంతీయ శాఖకు కార్యక్రమాల కన్వీనరుగా కూడా పనిచేసేది. ఆ శాఖ కార్యక్రమంలోనే చనిపోయింది. కావున నా ఫిర్యాదులను ఈ దిగువ వరుసగా పొందుపరచుచున్నాను. వరుస తప్పితే మన్నించగలరు.

1. సదరు శాఖ వారు నెలకొక ఉపన్యాసము, అప్పుడప్పుడు ఒక సైట్ సందర్శన, ఏడాదికొక ప్రాంతీయ సమావేశము జరుపుదురు. వీటికి హాజరైన ఇంజినీర్లకు కొన్ని గంటలు జమ అగును. గంటలు చాలకపోతే లైసెన్సు పునరుద్ధరించరు. అందువలన చాలామంది వచ్చి సంతకము పెట్టి, భోజనము చేసి వెళ్ళుదురు. ఇది నేను కల్పించినది కాదు. అన్నం తింటూ మా ఆవిడ చెప్పి నవ్వేది.

"ఉపన్యాసం మొదలెట్టేసరికి సగం కుర్చీలు ఖాళీ. భోజనాలనగానే కుర్చీలు చాలవు" అనేది.

"అంత సంబరానికి నీకెందుకీ చాకిరీ?" అని నేను విసుక్కునేవాణ్ణి.

"ఎవరో ఒకరు చెవిన వేసుకుని, ఒక్క గొయ్యి ఒద్దికగా తవ్వితే నాకంతే చాలు" అనేది. కుర్చీలు వేయించేది, మైకు సరిచూసేది, వక్తని స్టేషన్ నుంచి తనే తీసుకొచ్చేది. సెలవురోజు దుకాణం మూసి నేను ఇంట్లో ఉంటే తను హాల్లో ఉండేది. దాని మీద మా ఇద్దరికీ మాటా మాటా వచ్చిన రోజులు లేకపోలేదు.

2. ఆమె చనిపోయిన మారు సందర్శన ఒక పెద్ద భవనము పునాది గొయ్యికి ఏర్పాటైనది. రెండంతస్తుల లోతు గొయ్యి. అంతకుముందు కొద్దిరోజులుగా వానలు. ముందురోజు సాయంత్రం మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచుకుని శాఖాధ్యక్షుల వారితో మాట్లాడినది. ఆ సంభాషణ నేనూ, మా అత్తగారూ చెవులారా విన్నాము.

"సార్, నేల నానిపోయి ఉంది. ఇంకో వారం ఆగుదాం."

"బస్సు మాట్లాడేశాం, భోజనాలు చెప్పేశాం. ఈ నెలలో లైసెన్సులు మార్చుకోవాల్సిన వాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా. వాళ్ళకి గంటలు కావద్దూ?"

"అయితే పైన తాడు కట్టి, పైనుంచే చూపిద్దాం. కిందికి ఒక్కరు కూడా దిగకూడదు సార్. అది మాత్రం ఖాయం."

"అలాగేలే. నువ్వు చెప్పాక నేను కాదంటానా."

తమరు దయచేసి ఈ సంభాషణను గుర్తుంచుకొనవలెను. కిందికి ఎవరూ దిగరాదన్న సూచన మా ఆవిడది.

3. మరునాడు మధ్యాహ్నం నాకు కబురు వచ్చినది. గొయ్యిలో జారిపడినది అన్నారు. ఆసుపత్రిలో చూపించినప్పుడు ఆమె చెవుల్లో, గోళ్ళ సందుల్లో మట్టి ఉన్నది. జారిపడిన మనిషి చెవుల్లో మట్టి ఎందుకుంటుందని అడిగేపాటి స్పృహ ఆ పూట నాకు లేదు. ఇంకో ఇద్దరు సభ్యులకు ఎముకలు విరిగినవని ఆ తర్వాత తెలిసినది.

4. శాఖ వారు తమరి కార్యాలయమునకు నివేదిక సమర్పించినారు. అందులో ఉన్నదిది: "సదరు సభ్యురాలు సూచనలను ఉల్లంఘించి నిషేధిత స్థలములోనికి దిగినందున దుర్ఘటన సంభవించినది." ఆమె ఎందుకు దిగినదో, అప్పటికే అక్కడ ఎవరెవరున్నారో అందులో ఒక్క ముక్క లేదు.

5. అటు పిమ్మట ఆమె పేరిట మా ఇంటికి ఒక ప్రశంసాపత్రము వచ్చినది. సదరు సందర్శనను "విజయవంతముగా పూర్తి చేసినందుకు" ఆమె ఖాతాకు గంటలు జమ చేసినారట. దానితో పాటు ఒక ప్రశ్నాపత్రము. కార్యక్రమము మీ అంచనాలకు తగినట్లున్నదా? చాలా బాగున్నది, బాగున్నది, ఫరవాలేదు. మా అమ్మాయి కవరు చించి చదివి, "నాన్నా, వీళ్ళకి ఏమని రాయను?" అని అడిగింది. ఆ ప్రశ్నాపత్రాన్ని ముక్కలు ముక్కలుగా చింపి, మళ్ళీ తనే ఆ ముక్కలన్నీ ఏరింది.

6. ఇది ముఖ్యమైనది. కాస్త పొడుగు. మన్నించాలి.

కొన్నాళ్ళకు నా దుకాణానికి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏదో పాత కళ్ళజోడు, ముక్కు మీద నిలవడం లేదు, మాటిమాటికీ ఎగదోసుకుంటోంది. కూర్చోబెట్టి నంబరు చూశాను. గోడ మీది అక్షరాలు ఒక్కొక్క వరుసే చదువుకుంటూ వచ్చి, చివరి వరుసకు ముందు ఆగిపోయింది. కనబడటం లేదేమో అనుకుని అద్దం మార్చాను. కనబడకపోవడం కాదు. ఏడుస్తోంది.

"నేను డిజైన్ ఇంజినీరునండీ. ఆ రోజు గొయ్యిలో ఉన్నాను" అంది.

నేను దుకాణం తలుపు దగ్గరగా వేశాను.

"చూడ్డం అయిపోయింది. పైనుంచే చూశాం, మేడం చెప్పినట్టే. ఆవిడ భోజనాల సంగతి చూడ్డానికి బస్సు దగ్గరికి వెళ్ళారు. అధ్యక్షుడు గారు గ్రూపు ఫొటో అన్నారు. పైనుంచి తీస్తే వెనక రేకుల కంచె తప్ప ఏమీ రావడం లేదు. కిందికి దిగితే గొయ్యి లోతు తెలుస్తుంది, శాఖ పత్రికలో బాగుంటుంది అన్నారు. బ్యానరు పట్టుకుని అందరం దిగాం. నేనూ దిగానండీ."

"మా ఆవిడ?"

"కాసేపటికి పైన కనబడ్డారు. గట్టు వైపు చూసి కేకలేశారు. మేం భోజనాలకి పిలుస్తున్నారనుకున్నాం. ఫొటో తీసే ఆయన, మీరూ రండి మేడం, కన్వీనరు లేకపోతే ఎలా అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు పరిగెత్తుకుంటూ దిగారు. బ్యానరు లాగి అవతల పారేశారు. అధ్యక్షుడు గారి మోచెయ్యి పట్టుకుని గుంజారు. ఏంటమ్మా ఈ పద్ధతి అన్నారాయన. ఒక్కొక్కరినీ తోశారు. నా వీపు మీద చెయ్యేసి తోస్తే కళ్ళజోడు జారి పడింది. తీసుకుందామని వంగాను."

నేను మంచినీళ్ళిచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకుంది గానీ తాగలేదు.

"'కళ్ళజోడు మా ఆయన ఇస్తాడు, నువ్వు నడు' అన్నారండీ. నడిచాను. వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూశాను. ఏమీ కనబడలేదు నాకు. కళ్ళజోడు లేదుగా."

అయ్యా, నేను ఎన్నో ఏళ్ళుగా అద్దాలు అరగదీస్తున్నాను. ఆ పూట ఒక్క అద్దమూ అరగదీయలేదు. మర్నాడు రమ్మని చెప్పి పంపాను. మర్నాడు కొత్త కళ్ళజోడు ఇచ్చాను.

7. తరువాత శాఖాధ్యక్షుల వారు, కార్యవర్గ సభ్యులతో సహా, మా ఇంటికి విచ్చేసినారు. ఏటా ప్రాంతీయ సమావేశంలో మా ఆవిడ పేరిట స్మారకోపన్యాసము పెట్టుటకు తీర్మానించినామని సెలవిచ్చినారు. మొదటి ఉపన్యాసము స్వయముగా తామే ఇచ్చెదరట.

"ముందు ఆ నివేదికలో మాట మార్చండి" అన్నాను.

"అదంతా బీమా వాళ్ళ కోసం, వకీళ్ళ కోసం రాసే భాషండీ. దాన్ని మీరు మనసులో పెట్టుకోకూడదు. ఇది మా మనసులోంచి వచ్చింది."

"మిమ్మల్ని చెయ్యి పట్టుకుని పైకి లాగింది తనేగా?"

ఆయన కప్పు నోటిదాకా తీసుకెళ్ళి, తాగకుండానే దించారు. అబద్ధమాడను, ఆయన్ని చూస్తే జాలేసింది కూడా. కప్పు కింద పెట్టేసి, "అప్పుడెవరు ఎవర్ని లాగారో నాకు సరిగ్గా గుర్తులేదండీ" అన్నాడు. మా అత్తగారు ఆ మాట విని లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

8. సమావేశమునకు నేను వెళ్ళితిని. వెళ్ళకుండా ఉండవలసినదేమో. వేదిక మీద మా ఆవిడ ఫొటో పెట్టారు. ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించింది, పక్కవాళ్ళ భుజం ఒకటి అందులో మిగిలిపోయింది. ఉపన్యాసం పేరు "తవ్వకాలలో భద్రత: సభ్యుల క్రమశిక్షణ". ఆయన చాలాసేపు మాట్లాడారు. సభ్యులు సూచనలు పాటించకపోతే ఎంతటి వారికైనా ప్రమాదం తప్పదన్నారు. ఫొటో వైపు తిరిగి చెయ్యి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తరువాత నన్ను పిలిచి జ్ఞాపిక చేతిలో పెట్టి మైకు ఇచ్చారు. "రెండు ముక్కలు, కృతజ్ఞతలు చెప్పండి చాలు" అని చెవిలో అన్నారు.

నాకు మైకులో మాట్లాడడం రాదు. "ఆ రోజు గొయ్యిలోకి దిగినవాళ్ళు ఎవరైనా ఈ హాల్లో ఉంటే ఒక్కసారి లేచి నిలబడండి. నేనేమీ అనను. మిమ్మల్ని చూసుకుంటాను, అంతే" అన్నాను.

ఎవరూ కదల్లేదు. కొందరు ఫోన్లలోకి చూసుకున్నారు. ముందు వరుసలో ఒకాయన చేతికి ఇంకా కట్టు ఉంది, దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. చివరి వరుసలోంచి ఒక్కరే లేచారు. ఆ డిజైన్ ఇంజినీరు.

"కూర్చోమ్మా" అన్నారు అధ్యక్షుల వారు.

కూర్చోలేదు. "నేను దిగాను సార్. మీరు దిగమన్నారు. మేడం మనల్ని తీసుకురావడానికి దిగారు" అంది. హాలంతా వినబడింది.

మైకు నా చేతిలోంచి ఎవరు తీసుకున్నారో తెలియదు. "ఇది అందరికీ భావోద్వేగ సమయం, ఇప్పుడు భోజన విరామం" అని ప్రకటన వచ్చింది. అప్పుడు లేచారయ్యా అందరూ.

9. సదరు డిజైన్ ఇంజినీరుకు శాఖ నుండి క్రమశిక్షణ నోటీసు వచ్చినది. సభా మర్యాద పాటించనందున ఆమె ఈ ఏటి గంటలన్నీ రద్దు చేసినారు. గంటలు లేనందున లైసెన్సు ఆగినది. లైసెన్సు ఆగినందున ఆమె పనిచేయు కంపెనీ వారు కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు. ఆమె నాతో ఈ సంగతి చెప్పలేదు. కళ్ళజోడు మర బిగించుకోవడానికి వచ్చిన వాళ్ళ అన్నయ్య చెప్పాడు. "మా చెల్లెలు మీ మీద కోపంగా ఏమీ లేదండీ" అని కూడా అన్నాడు. ఆ మాట విన్నాక ఈ అర్జీ రాయకుండా ఉండలేకపోయాను.

కావున తమరిని వేడుకొనునది:

(అ) నా భార్య సూచనలు ఉల్లంఘించినదని శాఖ వారు నిజముగా నమ్మినచో, ఆమె పేరిట ఉపన్యాసము ఆపించవలెను. తప్పు చేసిన మనిషికి స్మారకమెందుకు?

(ఆ) నమ్మనిచో, నివేదికలోని ఆ వాక్యము కొట్టివేయించవలెను.

(ఇ) డిజైన్ ఇంజినీరు లైసెన్సు ఆమెకు ఇప్పించవలెను.

మూడూ తమ చేతిలో లేకపోయి, ఒక్కటే చేయగలిగితే, మొదటి రెండూ వదిలేయండి. చివరిది చేయండి. మా ఆవిడ తోసి పైకి పంపిన మనిషి అలా ఇంట్లో కూర్చుని ఉండటం నేను చూడలేను.

ఈ విన్నపమును పక్కన పెట్టక, తీరిక చేసికొని చిత్తగించవలెనని ప్రార్థించుచు,

తమ విధేయుడు,
మార్కెట్ వీధి కళ్ళజోళ్ళ దుకాణదారు
(చనిపోయిన సభ్యురాలి భర్త)

తా.క. అర్జీ మొత్తం మా అత్తగారికి చదివి వినిపించాను. తన మాట కూడా ఒకటి తమరికి రాయమంది. వద్దన్నా వినలేదు. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"బాబూ, మా పిల్ల మొండిది. ఎవరి మాటా వినే రకం కాదు, నా కడుపున పుట్టింది, నాకు తెలీదా. దిగొద్దంటే దిగింది అని రాశారుగా. రాస్తే రాశారు. అలా వద్దన్నది ఎవరో కనుక్కుని నాకు చెప్పించు. అన్నవాళ్ళుంటే నేను వెళ్ళి వాళ్ళ చేతులు పట్టుకుంటాను. అంతమంది ఉన్నారే, ఒక్కరైనా 'అమ్మా, నువ్వు రావద్దు, పైనే ఉండు' అన్నారా? అది తెలిస్తే చాలు నాకు."