తవియా "అవునమ్మా" అంటే నమ్మకండి

హాస్కెల్ అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు.

బడిలో చేర్చుకునే ముందు ఈ గురువారం మీరు పరీక్షించబోయే ఐదేళ్ల తవియా నా మనవరాలు. ఇక్కడి చిన్న సంఘానికి నేను బోధకుణ్ణి. బడికి పోయింది తక్కువ, బైబిలే నా చదువు.

పెద్దవాళ్లు పలకరిస్తే "అవునమ్మా" అనాలని మా ఇళ్లలో మాటలతోపాటే నేర్పుతాం. తవియాకు వచ్చిన మాట అదొక్కటే. పోయిన ఏడాది పిల్లను చూడటానికి వచ్చిన టీచరమ్మ అది విని, పిల్లకు అన్నీ అర్థమవుతున్నాయని రాసుకుని వెళ్లిపోయింది. మా ఆవిడ ఎర్నెస్టీన్ సంఘమంతా చెప్పుకుని మురిసిపోయింది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ అడిగాను: "తవియా, నువ్వు కోడిపిల్లవా?"

"అవునమ్మా" అంది, తాతతో.

అందరూ నవ్వారు. ఎర్నెస్టీన్ నవ్వలేదు.

"ఏమయ్యా, పసిదాన్ని నవ్వులపాలు చేస్తావా? గురువారం కూడా ఇదే చెప్పి పరువు తీస్తావా?"

"చెప్తానే! మర్యాద చూసి పాస్ చేస్తే, రేపు బడిలో అంతమంది పిల్లల మధ్య దీన్ని పట్టించుకునేదెవరు?"

ఆమె ఇప్పుడు గురువారానికని తవియా పసుపు గౌను ఇస్త్రీ చేస్తోంది. నాతో మాట్లాడటం లేదు.

అమ్మా, "అవును" అంటే తప్పయ్యే ప్రశ్నలే అడగండి. మోషే నోరు తిరగదని మొరపెట్టుకుంటే దేవుడు అతని నాలుకను బాగుచేయలేదు, అతని బదులు మాట్లాడటానికి పక్కన అన్న అహరోనును నిలబెట్టాడు. మా పిల్లకూ బడిలో అలాంటి ఒక మనిషి కావాలి, అంతే.

చివర్లో "మళ్లీ వస్తావా?" అని అడుగుతారేమో. అప్పుడు కూడా ఆ మాట నమ్మకండి. మీ చెయ్యి పట్టుకుంటే మాత్రం నమ్మండి.

ఇట్లు,
తవియా తాత