పేరు జాగలో 'బాపు'

బాపూ,

ఎల్లుండి నీ సంవత్సరీకం. అమ్మ పొద్దున్నుంచి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఈ సంగతి ఆమెకు చెప్పలేక నీకు రాస్తున్నాను.

సంతోష్‌నగర్‌లో నీకు స్కాన్ తీయించిన సెంటర్‌లోనే ఇప్పుడు పనిచేస్తున్నాను. పాత స్కాన్లను డాక్టరీ చదివే పిల్లలకు పంపుతున్నారు. పంపేముందు బొమ్మ మీదున్న పేరు, వయసు కనబడకుండా నల్లగా చేయడం నా పని. మంచి పద్ధతే. ఒకరి రోగం నలుగురికీ ఎందుకు తెలియాలి?

ఇవాళ ఒక ఛాతీ స్కాన్ తెరిస్తే, మూలన పేరు ఉండాల్సిన చోట 'బాపు' అని ఉంది. ఆ రోజు నువ్వు ఊపిరాడక నా భుజం మీద వాలిపోతుంటే కౌంటర్‌లో అమ్మాయి "పేరేంది?" అంది. నాకు సరిగా వినబడక, నువ్వు నాకేమవుతావని అడిగిందనుకుని "మా బాపు" అన్నాను. ఆమె అదే టైప్ చేసింది. మారుద్దామంటే నువ్వు దగ్గుతూనే నవ్వావు. "ఉండనియ్ బిడ్డా, గదే మంచిగున్నది."

పక్క సీట్లో ఉండే సలీం భాయ్‌ని అడిగాను.

"భాయ్, ఇది పేరు కాదు. అందరు నాయినను గిట్లనే పిలుస్తరు. ఉంచుదమా?"

ఆయన కుర్చీ జరుపుకొని నా స్క్రీన్ చూశాడు. "పేరు జాగల ఏదున్నా తీసుడే బేటా. నేనేం జేయాలె?"

తీసేశాను బాపూ. నీ ఊపిరితిత్తిలోని తెల్లమచ్చను మాత్రం ముట్టుకోకూడదట. పిల్లలు చూడాల్సింది అదేనట.

నీ బిడ్డ