సెన్సరు మీద నా అనుమానం

గురువారం, చీపురుపల్లి

కొత్త వైడ్‌బ్యాండ్ సెన్సరు డూప్లికేటని నాకు గట్టి అనుమానం. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి, ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పడం దాని ఉద్యోగం. పొద్దున్నుంచీ తక్కువనే చెబుతోంది. దాని మాట నమ్మి, ల్యాప్‌టాప్‌లో పెట్రోలు పెంచుతూనే ఉన్నాను. సాయంత్రం సత్తిబావ స్పార్క్ ప్లగ్గు విప్పాడు. కాటుక పట్టినట్టు ఉంది.

"ఒరే ఇంజినీరూ, ఇది సూడు. ఇంత నల్లగుంటే పెట్రోలు తక్కువేటిరా? ఇలాగైతే ఆదివారం రేసులో మన కారు కదల్తాదా?"

"సెన్సరు దొంగది బావా. రేపే వాపసిచ్చేద్దాం," అని తీర్పు చెప్పాను.

బావ ప్లగ్గు మళ్లీ బిగించాడు. ఇంజన్ చల్లారాక మళ్లీ స్టార్ట్ చేసి, సెన్సరుకు ముందున్న గొట్టం అతుకు మీద సబ్బునీళ్లు పోశాడు. బుడగలు లేచాయి. పొగ బయటికొచ్చే ఆ సందులోంచే బయటి గాలి లోపలికి దూరుతోంది. సెన్సరు ఆ గాలిని కూడా కలుపుకుని నిజమే చెప్పింది, పాపం.

"ఈ అతుకు ఎవులేసినార్రా?"

"విచారణ జరిపిస్తాను బావా," అన్నాను గంభీరంగా.

షెడ్డులో పనిచేసేది మేమిద్దరమే. బావకి వెల్డింగు రాదు.