పల్లవి బటన్

తమ్ముడు నతానియేల్‌కు,

ముందుగా ఒక హల్లెలూయా! మౌస్ మాట విన్నది.

నువ్వు లినక్స్ వేసి ఇచ్చిన లాప్‌టాప్‌తోనే బొల్లారంలో మన చర్చి పాటలు తెర మీద చూపిస్తున్నాం. వైర్‌లెస్ మౌస్ పట్టుకుని నడిపించేది నేనే. గొడవంతా దాని పక్కన బొటనవేలి కిందుండే 'వెనక్కి' బటన్‌తోనే. రెండో చరణం అయ్యాక నొక్కితే మొదటి చరణం వచ్చేది. లినక్స్‌కు వెనక్కి అంటే అంతే మరి. మనకేమో వెనక్కి అంటే పల్లవే కదా! పోయిన ఆదివారం సగం మంది పల్లవి, సగం మంది చరణం అందుకున్నారు. పాట ఎత్తే జకర్యా తాతకు కోపమొచ్చింది.

"నేను పల్లవికొస్తే నీ తెర ఎటు పోతుందమ్మా? తీసెయ్. పుస్తకాలే మంచిగుండె."

కానీ పుస్తకంలో చిన్న అక్షరాలు ఆలిస్ పిన్నికి కనబడవు.

అందుకే నువ్వు ఫోన్‌లో చెప్పినట్టే సెట్టింగ్ మార్చి, ఆ బటన్ నొక్కితే నేరుగా పల్లవి వచ్చేలా చేశాను. ఈ ఆదివారం తాత గొంతు పల్లవికి తిరగగానే నొక్కాను. పెద్ద పెద్ద అక్షరాలతో టక్కున వచ్చింది! అందరికంటే ముందు అందుకున్నది ఆలిస్ పిన్నే. ఇక తాతకు హుషారొచ్చి, పల్లవి వదిలితే ఒట్టు. బైబిలు తెరిచి నిలబడ్డ పాస్టర్‌గారు చివరికి నా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నారు.

"పాట ఆపే బటన్ సుత ఒకటి పెట్టమ్మా."

మౌస్‌కు ఇంకో బటన్ ఖాళీగానే ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ అక్క