ఒక బూటు నా దగ్గరుంది

తమ్ముడూ, పదింటికి కుళాయి వస్తుంది, బకెట్లు నింపు. కూర వేడి చేసుకుని తిను.

సాయంత్రం బస్సుకి ఇంటర్వ్యూకి వెళ్తానన్నావు. మరి నీ సంచిలో ఉన్న ఉప్పు పొట్లం, నాలుగు అగ్గిపెట్టెలు ఇంటర్వ్యూకి ఎవరు పట్టుకెళ్తారురా? ఇస్త్రీ చొక్కా బీరువాలోనే ఉంది. ఫోన్ ఛార్జరు చెత్తబుట్టలో దొరికింది. నీ మ్యాపులో రోడ్డు అయిపోయినా పెన్సిల్ గీత మాత్రం ఆగకుండా అడవిలోకి పోయింది. అక్క చెవిలో పువ్వు పెట్టుకున్నదానిలా కనపడుతోందా?

అందుకే నీ బూటు ఒకటి మా బ్యాగులు కుట్టే షాపుకి పట్టుకెళ్తున్నాను. ఇల్లంతా వెతక్కు. ఒంటి బూటుతో ఎంత దూరం పోతావో నేనూ చూస్తాను.

ఇంకో మాట. దాని సోలు ఊడొస్తోంది, చూసుకోలేదా? రాళ్లలో తిరిగేవాడికి ఒక వరస కుట్టు చాలదు. మా మిషన్ మీద రెండు వరసలు వేసి తెస్తాను. రెండో బూటుకి రేపు వేస్తాను.