మా కారు కిరాయి బండి కాదు

భోపాల్‌పట్నం,
బీజాపూర్ జిల్లా.

జిల్లా వినియోగదారుల కమిషన్ అధ్యక్షులవారి సముఖమునకు, జగదల్‌పూర్.

అయ్యా,

విషయం: మా ఎలక్ట్రిక్ కారును కిరాయికి తిప్పామని రాసి పొడిగింపు వారంటీని తోసిపుచ్చుట, తదుపరి నా చేత అబద్ధపు ఒప్పుకోలు మీద సంతకం చేయించుకొనుట, ఆ రెంటినీ కొట్టివేయించమని కోరుట గురించి.

నేను, గంగారత్నం, వయసు అరవై ఆరు, ఆరోగ్య శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైనదానను. ఈ అర్జీకి హిందీ ప్రతిని మా ఊరి టీచరు స్రవంతి చేత రాయించి జతపరిచాను. తెలుగు ప్రతి నా చేతి రాత. రెంటికీ తేడా వస్తే దీనినే ప్రమాణంగా తీసుకోవలెనని మనవి. నాకు హిందీ రాదని కాదు. ఉద్యోగమంతా రిజిస్టర్లు హిందీలోనే నింపాను. అయితే టీకాలు, కాన్పులు, మందుల నిల్వలు తప్ప నేను ఆ భాషలో ఏమీ రాసి ఎరగను. ఇప్పుడు రాయవలసినది అటువంటిది కాదు.

1. కారు కొనుటకు కారణము. నా భర్త భూషణం గారికి నాలుగేళ్ళ కిందట రెండు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడు రోజులు బీజాపూర్‌లో డయాలసిస్. పోను రాను నూరు కిలోమీటర్ల పైమాట. డయాలసిస్ అయిన మనిషి బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడలేడు. పెట్రోలు బండి పెడితే నా పెన్షన్ పెట్రోలుకే పోతుంది. అందుచేత నా రిటైర్మెంటు డబ్బుతో జగదల్‌పూర్‌లోని ఒక షోరూములో చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాము. అరవై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకుని నేనే నడుపుతున్నాను. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే తెల్లారేసరికి బండి నిండుతుంది. చప్పుడు లేని బండి. వచ్చేటప్పుడు ఆయన వెనక సీట్లో నిద్రపోతారు.

ఆ షోరూములో పనిచేసే అవినాష్ మా వీధివాడు. వాళ్ళ అమ్మ దుర్గమ్మ, నేను పాతికేళ్ళు ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నాము. అతను నన్ను పిన్నీ అని పిలుస్తాడు. అతని మాట మీదనే ఇంకో కంపెనీ బండి చూడకుండా దీనిని కొన్నాము.

2. బండిలో ఎక్కించుకొన్న వ్యక్తి వివరము. ఏడాదిన్నర కిందట డయాలసిస్‌లో మా ఆయన పక్క మంచానికి లక్కే అనే అమ్మాయి వచ్చింది. వయసు ఇరవై ఎనిమిది. దోర్లా తెగవాళ్ళు. మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి వాళ్ళ పల్లె. భర్త ఇర్మా ఆమెను సైకిలు మీద రోడ్డు దాకా తెచ్చి, బస్సు ఎక్కించి తీసుకొచ్చేవాడు. ఒక రోజు బస్సు దాటిపోయి, ఇద్దరూ రోడ్డు పక్కన కూర్చుని ఉండగా చూశాను. బండిలో చోటు ఉంది. ఆ రోజు నుంచి వాళ్ళ పల్లె మలుపు దగ్గర ఆగి ఎక్కించుకొని పోతున్నాము. ఒక్క రూపాయి తీసుకోలేదు.

చింతపండు రోజుల్లో ఇర్మా ఒక సంచి తెచ్చి మా గడపలో పెట్టాడు. నా భర్త వద్దన్నారు.

"చెట్టు ఊకనే ఇచ్చింది సార్. నేను ఊకనే ఇస్తున్న," అన్నాడు ఇర్మా.

తీసుకున్నాము. అయిదారు కిలోలు ఉంటుంది. ఈ సంగతిని తమరు ముఖ్యముగా గమనించవలెను.

3. పొడిగింపు వారంటీ తీసుకొనుట. పోయిన ఏడు మా మూడేళ్ళ వారంటీ ముగియవచ్చింది. బ్యాటరీకి మాత్రం ఎనిమిదేళ్ళ హామీ వేరుగా ఉంది. మిగతా భాగాలకు ముప్పై ఒక్క వేలు కడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామని షోరూమునుంచి కబురు వచ్చింది. నా భర్త పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క వారంటీ, ఇంకో పక్క రిపేరు ఖర్చులు రాశారు. ఏసీ, మోటారు, బండి లోపల ఉండే ఛార్జర్ పెట్టె.

"మూడేళ్ళల్ల ఒక్క బల్బు గూడ పోలేదు. పోనిదానికి ముప్పై వేలు ఎందుకు కట్టాలె?" అన్నారు ఆయన.

"ఛార్జర్ పెట్టె ఒక్కటి పోతే తొంభై ఆరు వేలంటున్నరు," అన్నాను నేను.

"పోతే గద."

"బండి పోతే నీ డయాలసిస్ గూడ పోతది. అది ఈ లెక్కల రాయలేదేంది?"

ఆయన పెన్ను మూత పెట్టారు. తేలక ఆదివారం ఇంటికి వచ్చిన అవినాష్‌ను పిలిచాము. మా ముందుగదిలో కూర్చుని, పులుసు పోసుకుని అన్నం తిన్నాడు. తీసుకోమన్నాడు. "ఈ కాయితం ఉంటే నిశ్చింతగ ఉంటవ్ పిన్నీ," అన్నాడు. అప్పుడు నేనే లక్కే సంగతి ఎత్తాను. రోగి పిల్లను ఎక్కించుకుంటున్నాము, చింతపండు ఇచ్చారు, రేపు దీనితో ఏమైనా పేచీ వస్తుందా అని అడిగాను.

"నువ్వు పైసలు తీసుకుంటలేవు గద పిన్నీ. అది సొంత వాడకమే. ఏం గాదు," అన్నాడు.

ఆ మాట మీద డబ్బు కట్టాము. అతను వెళ్ళేటప్పుడు దుర్గమ్మకు ఇవ్వమని ఆ చింతపండులోనే రెండు కిలోలు కవరులో పోసి ఇచ్చాను.

4. వారంటీ తోసిపుచ్చుట. అయిదు నెలలకు ఒక మంగళవారం పొద్దున చూస్తే, రాత్రంతా ప్లగ్గు పెట్టిన బండిలో ఛార్జింగ్ ఏమీ ఎక్కలేదు. పోయింది ఛార్జర్ పెట్టెనే. బండిని లారీ మీద ఎక్కించి గీదం మీదుగా జగదల్‌పూర్ పంపాము. నిజం చెప్పవలెనంటే ఆ రోజు నాకు దిగులు లేదు. మంచిపని చేశాం చూశావా, కాగితం ఉంది అని ఆయనతో అన్నాను.

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. దాని సారాంశము: "సదరు వాహనము రోగులను కిరాయికి చేరవేయుటకు వాడబడుచున్నది. ప్రతిఫలము అటవీ ఉత్పత్తుల రూపమున స్వీకరించబడుచున్నది. కావున క్లెయిము తిరస్కరించడమైనది."

అయ్యా, అటవీ ఉత్పత్తులు అనగా ఆ చింతపండు. విచారణ జరిపినవారి సంతకము కింద ఉంది. అవినాష్.

నేను ఆ సంతకాన్ని చాలాసేపు చూశాను. ఆ పేరుతో ఇంకొకరు ఉంటారేమో అనుకున్నాను. మా ఆయన కూడా చదివారు. ఆ ఉత్తరాన్ని మడిచి తన మందుల డబ్బా కింద పెట్టారు. మందుకు చెయ్యి చాపినప్పుడల్లా కనబడుతూ ఉండేది.

5. ఒప్పుకోలు మీద సంతకము. బండి లేని రోజుల్లో మా ఆయన బస్సులో పోయి వచ్చారు. ఒకసారి గుడ్డలు తడుపుకున్నారు, ఒకసారి బస్సులో పడిపోయారు. లక్కేకు అప్పటికి బస్సులో నిలబడే ఓపిక లేక అదీ కుదరలేదు. అంబులెన్సు ఆపదలో వస్తుంది కాని వారానికి మూడుసార్లు పొలం గట్టు దాకా రమ్మనలేము. ఇర్మా రెండుసార్లు ఎవరి మోటారు సైకిలో అడిగి తీసుకుపోయాడు. తర్వాత వరసగా మూడు డయాలసిస్‌లు తప్పాయి. నేను పల్లెకు పోయి చూశాను. మొహం ఉబ్బింది. పడుకోలేకపోతున్నది, గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి తీస్తున్నది. ఇంకెన్ని రోజులు ఆగుతుందో నర్సుగా నాకు తెలుసు. ఆ సాయంత్రమే పిక్‌అప్ బండి మాట్లాడి ఆమెను బీజాపూర్ పంపాను. వారానికి మూడుసార్లు అట్లా మాట్లాడే స్తోమతు మాకు లేదు.

మర్నాడే బస్సెక్కి జగదల్‌పూర్ పోయాను. అవినాష్ నన్ను షోరూము లోపల కూర్చోబెట్టలేదు. బయట కార్లు కడిగేచోటికి తీసుకుపోయాడు.

"నేను చెప్పిన ముచ్చటే రాసి నా మీదికే పంపినవేంది బిడ్డా?" అన్నాను.

"పైనుంచి అడిగిన్రు పిన్నీ. క్లెయిములు తగ్గియ్యాలన్నరు. నాకు తెలిసిన ముచ్చట రాసిన," అన్నాడు.

"కిరాయి అని నేను చెప్పిన్నా?"

ఇంకో దారి ఉంది అన్నాడు. బండి కిరాయికి తిరిగిన మాట వాస్తవమే అని నేను రాసిస్తే, కంపెనీ దయతలచి ఛార్జర్ పెట్టెను యాభై ఎనిమిది వేలకు వేస్తుంది. రాసివ్వకపోతే పూర్తి ధర, అదీ పెట్టె వచ్చేదాకా నెల ఆగాలి. రాసిస్తే సాయంత్రానికి బండి తయారు.

కాగితం రెండు పేజీలు. మొదటి పేజీ హిందీ. చదివాను. అది అబద్ధమని తెలిసే చదివాను. రెండో పేజీ ఇంగ్లీషు, చిన్న అక్షరాలు. ఇదేమిటి అని అడిగాను.

"అదే మాట పిన్నీ. ఇంగ్లీషుల ఉన్నది, అంతే," అన్నాడు అవినాష్.

రెండు పేజీల మీద సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఉండగా వెయ్యని టీకాను వేసినట్టు ఏనాడూ రాయలేదు. పై అధికారి కోప్పడినా రాయలేదు. అటువంటిదానను అరవై ఆరో ఏట, కార్లు కడిగేచోట, ఒక బానెటు మీద కాగితం పెట్టి అబద్ధం మీద సంతకం చేశాను. డబ్బు కట్టి, బండి తీసుకుని పొద్దుగూకినాక గీదం దాటాను. మర్నాడు లక్కే డయాలసిస్‌కు వచ్చింది. బతికింది. ఇందుకు ఎవరినీ తప్పు పట్టను.

6. బ్యాటరీ హామీ రద్దగుట. నెల తర్వాత మరో ఉత్తరం వచ్చింది. నేను సంతకం చేసిన రెండో పేజీ ప్రకారము కిరాయి వాహనములకు ఎనిమిదేళ్ళ బ్యాటరీ హామీ వర్తించదనియు, దానిని నేను ఇష్టపూర్వకముగా వదులుకొంటిననియు అందులో ఉంది. స్రవంతి ఆ ఇంగ్లీషు పేజీని నాకు మాట మాటా చదివి చెప్పింది. అదే మాట కాదు. కారులో సగం ఖరీదు ఆ బ్యాటరీయే.

నా భర్త పాత కాగితం తీసి లెక్క పూర్తి చేశారు. వారంటీ అసలు తీసుకోకుండా రిపేరు చేయించుకుంటే తొంభై ఆరు వేలు. వారంటీ తీసుకుని, అబద్ధం రాసిచ్చి చేయించుకుంటే ఎనభై తొమ్మిది వేలు. "ఏడు వేలు మిగిలినయ్ రత్నం," అన్నారు. నవ్వుదామనుకున్నారు గాని నవ్వు రాలేదు. ఆ ఏడు వేలకు ఇంకా నాలుగేళ్ళకు పైగా ఉన్న బ్యాటరీ హామీ పోయింది.

ఈ సంగతి ఎట్లాగో లక్కే చెవిన పడింది. ఆ వారం మలుపు దగ్గర ఆగితే బండి ఎక్కలేదు. "నా పానం కోసం అబద్ధం రాసిచ్చినవా దీదీ? నీ బండికి నా వల్ల కిరాయి బండని పేరు వడ్డది. నేను రాను," అన్నది. ఇంజను చప్పుడు లేని బండి, ఆపినా నడిపినా ఒకటే. నేను దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఎక్కేదాకా మా ఆయన వెనక సీటు తలుపు తెరిచి పట్టుకున్నారు. డయాలసిస్‌కు ఆ రోజు గంట ఆలస్యంగా చేరాము.

కావున తమతో ప్రార్థించునది ఏమనగా:

ఒకటి. మా బండి కాగితాల మీద 'కిరాయి' అన్న మాట కొట్టివేయించవలెను.

రెండు. బ్యాటరీ హామీని తిరిగి ఇప్పించవలెను. ఒప్పుకోలు మీద నా సంతకము నాదే. దాని కింది మాట అబద్ధము. అబద్ధము రాసినందుకు నాకు వేయదగిన శిక్ష ఉంటే వేయవలెను.

మూడు. అవినాష్‌ను తమ ఎదుటకు పిలిపించి, ఆదివారం మా ముందుగదిలో ఏమి చెప్పినదీ అడగవలెను. మొదటి రెండూ ఎటూ తేలకపోయినా ఈ మూడోది తోసిపుచ్చవద్దని మనవి.

పైన రాసినదంతా తమరు చిత్తగించి, ఒక ముసలి నర్సు మాటకు తగిన విలువ కట్టవలెను.

తమ విధేయురాలు,
గంగారత్నం

మళ్ళీ రాయునది: అర్జీని కవరులో పెడుతుండగా అవినాష్ ఫోను చేశాడు. స్రవంతి వాళ్ళింట్లో ఎవరో దుర్గమ్మకు చెప్పారట. "నా పేరు తీసెయ్ పిన్నీ. నౌకరి పోతది," అన్నాడు. మా ఆయన, ఇర్మా పక్కనే ఉన్నారు. ఫోను పెద్దగా వినిపించేట్టు పెట్టాను.

"లక్కే ముచ్చట నీకు ముందే చెప్పిన్నా లేదా, అదొక్కటి చెప్పు," అన్నాను.

వెనక బండ్లు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినబడింది.

"చెప్పినవ్ పిన్నీ," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

విన్న ఇద్దరూ కింద సాక్షి సంతకాలు చేశారు. ఇర్మాది వేలిముద్ర. ఆ తర్వాత అవినాష్ పేరు కొట్టేద్దామని కలం తీసుకున్నాను. నా భర్త కూడా కొట్టెయ్యమన్నారు. కొట్టేస్తే, అతను చివరికి నిజం ఒప్పుకున్న మాట కూడా పోతుంది. అందుకని ఉంచాను.