ఇరవై ఎనిమిదో రోజు

5 ఆగస్టు 1985, సోమవారం

పంప్‌హౌస్ పునాది పోశాం. అదే కాంక్రీటుతో ఆరు క్యూబులు చేసి, వాటి మీద తేదీ రంగుతో నేనే రాసి, నీళ్ళ తొట్టెలో పెట్టించాను. మూడింటిని ఏడో రోజున, మిగిలిన మూడింటిని ఇరవై ఎనిమిదో రోజున మిషన్లో నలిపి, ఎంత బరువుకి ఆగాయో రిజిస్టర్లో రాయాలి. అంటే సెప్టెంబరు రెండు.

అమ్మ విని, సిమెంటు దిమ్మల వయసు రోజులతో సహా చెప్తావు, పిల్లకి సూది వేయించే తేదీ మాత్రం నన్నడుగుతావు అంది. తిట్టినా బావుండేది. నవ్వుతూ అంది.

19 ఆగస్టు

ఈ ల్యాబులో ఆడ ఇంజనీరుని నేనొక్కదాన్నే. అచ్యుతరామయ్య సార్ సామాన్ల గది ఖాళీ చేయించి, మా పాప దీవెన కోసం చీర ఉయ్యాల కట్టించారు. నాలుగింటి జీపుని నాకోసం మా ఇల్లున్న సీతమ్మధార మీదుగా తిప్పించారు. ఊడ్చే గంగాలమ్మ పిల్లని చూస్తుంది. నేను పాలివ్వడానికి వెళ్తే హెల్పర్ ఎల్లారావు రీడింగులు రాసి, కింద నా పొడి అక్షరాలు కూడా వేసేస్తాడు. అచ్చం నాలాగే వేస్తాడు. వద్దనాలి. అనలేదు. హాయిగా ఉంది మరి.

మా ఆయన కృపాకర్ పోర్టు షిఫ్టు నుంచి వచ్చి, ఇలాంటి ఆఫీసు ఎక్కడా ఉండదంటాడు.

2 సెప్టెంబరు, సాయంత్రం ఆరు

సిగ్గుగా ఉంది. ఎక్కడైనా రాయకపోతే ఉండలేను.

ఇవాళ దీవెనని అమ్మ దగ్గరే వదిలాను. పదింటికి సార్ దగ్గరికెళ్ళి, పిల్లకి జ్వరమని కబురొచ్చిందన్నాను. అబద్ధం. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి డ్రైవర్ని తానే కేకేశారు. గంగాలమ్మ గేటు దాకా వచ్చి, పైడితల్లికి మొక్కుకుంతాను, బెంగెట్టుకోకండమ్మా అంది.

జీపు దిగి భీమిలి బస్సెక్కాను. ఇసుకలో కూర్చున్నాను. వేయించిన చేప ముక్కలు తిన్నాను. కొంగు మొహం మీద కప్పుకుని నిద్రపోయాను. ఏడాదిన్నరలో నన్నెవరూ పిలవని మూడు గంటలు అవే. ఇంటికొచ్చి దీవెనని ఎత్తుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

3 సెప్టెంబరు

గంగాలమ్మ నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. పాపకి జొరం తగ్గీదాకా తిననని మొక్కుకుందట. తగ్గిపోయిందని చెప్పి దగ్గరుండి తినిపించాను. ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

తర్వాత తొట్టె దగ్గరికెళ్ళాను. ఆగస్టు ఐదు అని నా చేతిరాత ఉన్న క్యూబులు మూడూ నీళ్ళలోనే ఉన్నాయి. నిన్న ఇరవై ఎనిమిదో రోజు. భీమిలిలో నాకది గుర్తే రాలేదు. రిజిస్టర్ తీస్తే మూడు అంకెలూ ఉన్నాయి. కింద నా పొడి అక్షరాలు.

ఎల్లారావుని అడిగాను. నిన్నంతా కరెంటు లేదు మేడమ్, ఏడో రోజు దిమ్మలు బాగానే వచ్చినాయి గదా, ఆ లెక్కనే రాసీసినాను, పాపకి జొరమైతే మీరేటి సేస్తారు, మీకు మాట రాకూడదని నాను సేసేను అన్నాడు.

శుక్రవారం ఆ పునాది మీదికి పంపు ఎక్కిస్తారు. కాంక్రీటు బలహీనమైతే పగులుతుంది. చుట్టూ మనుషులుంటారు. చెప్తే ఎల్లారావు ఉద్యోగం పోతుంది. నిన్న నేనెక్కడున్నానో కూడా బయటపడుతుంది.

4 సెప్టెంబరు

సార్ గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళాను. చెప్పలేదు.

5 సెప్టెంబరు

చెప్పాను. క్యూబుల సంగతి మాత్రం. మర్నాడు వచ్చి ఆ అంకెలు నేనే రాశానన్నాను. ఎల్లారావు పేరెత్తలేదు. సార్ లేచి తొట్టె దగ్గరికి నడిచారు. ఎల్లారావుని పిలిచి, ముగ్గురం కలిసి క్యూబులు నలిపాం. మూడూ నిలిచాయి. రాసిన అంకెలకంటే తక్కువే గానీ, ఉండాల్సినదానికి పైనే. పునాదికి భయం లేదు.

ఉద్యోగంలోంచి పంపేస్తారనుకున్నాను. సార్ రిజిస్టర్ లాక్కుని తప్పుడు అంకెలు కొట్టేశారు. బిడ్డ జ్వరంతో ఉంటే ఏ తల్లికి బుర్ర పనిచేస్తుందమ్మా, ఇంకెప్పుడూ ఇలా రాయకు అన్నారు. పక్కన ఎర్ర సిరాతో రాశారు. ఇంజనీరు బిడ్డకు జ్వరం వచ్చినందున మూడు రోజులు ఆలస్యంగా పరీక్షించడమైనది. కింద సంతకం చేశారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. జ్వరం లేదు సార్ అనాలి. మూడు ముక్కలు. నోరు రాలేదు. ఇప్పుడు నా అబద్ధం ఆయన చేతిరాతలో ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన రాసిన మొదటి అబద్ధం అదేనేమో.

9 సెప్టెంబరు

దీవెనకి నిజంగానే జ్వరం. నూట రెండు. అమ్మ క్లినిక్కి తీసుకెళ్ళింది. నేను ఎనిమిదిన్నరకే ల్యాబుకొచ్చాను.

సార్ పాప ఎలా ఉందని అడిగారు. బావుందన్నాను.